శిక్షణ ఇచ్చారు సరే, పనేదీ?

మ్యాన్‌హోల్‌లో దిగిన మనిషి శవమై బయటికొచ్చిన ప్రతిసారీ ప్రభుత్వాల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి: పరిహారం, శిక్షణ. పరిహారం సంగతి సుప్రీంకోర్టు తేల్చింది. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. శిక్షణ గురించే మనం గట్టిగా అడగడం లేదు. దేనికి శిక్షణ? అయ్యాక ఏ పని, ఎంత జీతం?

2013 పాకీపని నిషేధ చట్టం సెక్షన్ 13 చూడండి. ఆ పని నుంచి బయటపడ్డవాళ్లకు, లేదా వాళ్ల ఇంట్లో ఒకరికి, వేరే బతుకుతెరువు నేర్పాలి, నేర్చుకునే కాలంలో నెలకు కనీసం 3,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలి అంటుంది. అంటే రోజుకు వంద. చట్టంలో ఆ అంకె నేటికీ అదే. కూలి మానుకుని, రోజుకు వంద రూపాయలతో ఇల్లు నడుపుకుంటూ క్లాసులో ఎవరు కూర్చోగలరు? 'శిక్షణకు లబ్ధిదారులు ముందుకు రావడం లేదు' అని రాసే అధికారి ఆ లెక్క కూడా వేసుకోవాలి.

2023లో కేంద్రం 'నమస్తే' పథకం తెచ్చింది. మూడేళ్లకు సుమారు 350 కోట్లు. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లను గుర్తించి రక్షణ కిట్లు, ఆయుష్మాన్ కార్డులు, భద్రతా శిక్షణ ఇవ్వాలి. యంత్రం కొనుక్కుంటే ఒక్కరికి 5 లక్షల వరకు, గ్రూపుకు 18.75 లక్షల వరకు సబ్సిడీ. 2024లో చెత్త ఏరుకునేవాళ్లనూ ఇందులో చేర్చారు. ఆ ఏడాది వరకు గుర్తించిన 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, ఓబీసీలను కలిపితే 92 శాతం. ఇది వృత్తికి సంబంధించిన పనే తప్ప కులానికి సంబంధించింది కాదని పార్లమెంటులో ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 2021లో పాకీపనివాళ్ల గురించి అదే పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలో, కులం వివరాలు దొరికిన 43,797 మందిలో 42,594 మంది ఎస్సీలే!

భద్రతా శిక్షణ అక్కర్లేదని అనను. విషవాయువు గురించి తెలియకపోవడం వల్ల పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. కానీ కిట్టు తీసుకున్న మనిషి మర్నాడు అదే కాంట్రాక్టర్ దగ్గరికి, అదే కూలికి వెళ్తాడు. శిక్షణ పొందినవాడికి జీతం పెంచాలని గానీ, ఉద్యోగం పర్మినెంట్ చేయాలని గానీ పథకంలో షరతు లేదు.

దీన్ని అమెరికాలో ఇంకోలా ఆలోచించారు. మూతపడ్డ ఫ్యాక్టరీలు, గ్యాస్ స్టేషన్ల కింద విషమెక్కిన నేలలు అక్కడ ఎక్కువగా నల్లజాతి వాళ్లు, పేదలు ఉండే పేటల్లో మిగిలాయి. ప్రభుత్వం డబ్బిచ్చి వాటిని శుభ్రం చేయిస్తుంటే, జీతాలు మాత్రం బయటి ఊళ్ల నిపుణులకు పోతున్నాయని పర్యావరణ సంస్థ ఈపీఏ గమనించింది. 1998లో ఆ పేటల్లోని నిరుద్యోగుల కోసమే శిక్షణ మొదలుపెట్టింది. మట్టి నమూనాలు తీయడం, ఆస్‌బెస్టాస్, సీసం తొలగించడం, ప్రమాదకర వ్యర్థాలతో పనిచేసేవాళ్లకు కావలసిన 40 గంటల కోర్సు నేర్పి సర్టిఫికెట్లు ఇస్తారు. ఇప్పటిదాకా 20 వేలకు పైగా మంది నేర్చుకున్నారు, సుమారు నాలుగింట మూడు వంతుల మందికి ఉద్యోగాలు దొరికాయి అని ఈపీఏ లెక్క. అదేమీ స్వర్గం కాదు. పర్యావరణ న్యాయం కోసం 1994లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ ఒక్క సంతకంతో రద్దు చేశాడు. అయినా మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎవరి పేటను పాడుచేశారో, బాగుచేసే జీతమూ వాళ్లకే రావాలన్న వాదన అది.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చింది హైదరాబాద్‌లో 2017లో జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ కలిసి తెచ్చిన 70 మినీ జెట్టింగ్ యంత్రాలు. ఇరుకు గల్లీల్లోకి వెళ్లే ఆ బండ్లకు దళితులే ఓనర్లు. అది నిలబడడానికి కారణం బ్యాంకు లోనుతో పాటే జలమండలి పని కూడా ఇవ్వడం. పని గ్యారంటీ లేకుండా సబ్సిడీ మీద బండి కొన్నవాడికి మిగిలేది ఈఎంఐ. ఓనర్ల లెక్కతో సరిపెట్టుకోనూ కూడదు, బండి మీద పైపు పట్టుకునే హెల్పర్ జీతమెంతో కూడా అడగాలి.

'మళ్లీ మనవాళ్లకే శుభ్రం చేసే పని నేర్పిస్తారా' అని కోపంగా అడిగే విద్యార్థులున్నారు. ఆ కోపం న్యాయమైంది. పాకీపనిని సేవ అని పొగిడే గాంధీ మాటను అంబేడ్కర్ అందుకే ఒప్పుకోలేదు. కాబట్టి ముందు మన పిల్లలు ఏ పనైనా నేర్చుకునే దారి ఉండాలి. అయితే నేలను, నీటిని పరీక్షించే టెక్నీషియన్ పని చీపురు పని కాదు. దానికి లైసెన్సు, జీతం, గౌరవం వస్తే మిగతా కులాలవాళ్లూ లైన్లో నిలబడతారు. అప్పుడు మనవాళ్లను ఆ లైన్లోంచి తోసేయకుండా చూసుకోవడమే పెద్ద గొడవ అవుతుంది.

ఆ గొడవ ఇప్పుడే మొదలవ్వాలి. స్వచ్ఛ భారత్ రెండో దశలో దేశంలోని దాదాపు 2,400 పాత డంపింగ్ యార్డులను తవ్వి శుభ్రం చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ గుట్టల పక్కన ఏళ్ల తరబడి కంపు పీల్చింది ఎవరో మీకు తెలుసు. మీ మున్సిపాలిటీలో బయోమైనింగ్ టెండర్ కాపీని ఆర్టీఐ కింద అడగండి. అక్కడి బస్తీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న షరతు ఉందా? నమస్తే కింద శిక్షణ పొందినవాళ్లలో ఎంతమంది ఆ కంపెనీ హాజరు పట్టీలో ఉన్నారు? పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా? జవాబులొచ్చాక కాపీలు మాకూ పంపండి.