నిష్పక్షపాతానికి ఎన్ని ప్రశ్నలు?

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అని ఒక చిన్న ఊరుంది. జనాభా అయిదు వేలకు అటూ ఇటూ. అందులో సగానికి పైగా నల్లజాతివాళ్లే. 1996 జూలైలో అక్కడి ఒక ఫర్నిచర్ దుకాణంలో నలుగురిని కాల్చి చంపారు. ఆ దుకాణంలో కొద్దిరోజులు పనిచేసిన కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుణ్ణి నిందితుడిగా నిలబెట్టారు. అదే నేరానికి, అదే మనిషిని, అదే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారణకు ఈడ్చాడు. 2010లో జరిగిన ఆరో విచారణకు జ్యూరీని ఎంపిక చేసేటప్పుడు, తాను తొలగించిన అయిదుగురు నల్లజాతివాళ్లను ప్రాసిక్యూషన్ అడిగిన ప్రశ్నలు 145. జ్యూరీలో కూర్చోబెట్టిన 11 మంది తెల్లవాళ్లను అడిగినవి 12.

అందరినీ కలిపి 12.

జ్యూరీ పద్ధతి మనకు అలవాటు తప్పింది కాబట్టి కాస్త చెప్పాలి. విచారణకు ముందు ఊళ్లోంచి కొంతమంది పౌరులను పిలిపిస్తారు. జడ్జి, రెండు పక్షాల న్యాయవాదులు వాళ్లను ప్రశ్నిస్తారు: నిందితుడు మీకు తెలుసా, పేపర్లో చదివి ఏమైనా అభిప్రాయం ఏర్పరచుకున్నారా, మరణశిక్ష మీద మీ మాటేమిటి అని. పక్షపాతం బయటపడితే కారణం చూపి తీసేయవచ్చు. ఇది కాక, ఏ కారణమూ చెప్పకుండా కొంతమందిని తీసేసే హక్కు ఇరుపక్షాలకూ ఉంటుంది. కిటుకంతా ఈ రెండో దాంట్లోనే ఉంది. 1986లో బాట్సన్ కేసులో, జాతిని బట్టి ఇలా తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఆ కోర్టులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ తీర్పుతో ఏకీభవిస్తూనే, ఇది చాలదు, కారణం చెప్పని తొలగింపులను మొత్తంగా రద్దు చేస్తే తప్ప వివక్ష పోదు అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. ప్రాసిక్యూటర్లు కారణాలు చెప్పడం నేర్చుకున్నారు. ఒక నల్లజాతి మహిళను తొలగించడానికి వినోనాలో చెప్పిన కారణాల్లో ఒకటి, ఆమెకు ఈ కేసులో చాలామంది తెలుసని. అయిదు వేల మంది ఊళ్లో తెలియంది ఎవరికి? బ్యాంకు కౌంటరులో కూర్చుని ఫ్లవర్స్ కుటుంబీకులకు సేవలందించిన తెల్ల ఉద్యోగినిని మాత్రం ఆ విషయంగా గుచ్చిగుచ్చి అడిగినవాళ్లు లేరు. జార్జియా రాష్ట్రంలో ఇంకో కేసు, 1987 నాటిది. ప్రాసిక్యూషన్ ఫైలు బయటికొస్తే నల్లజాతి అభ్యర్థుల పేర్లకు ఆకుపచ్చ రంగు పూసి, పక్కన గుర్తు పెట్టి ఉన్నాయి. కోర్టులో చెప్పిన కారణాలు వేరే.

ఆరు విచారణల్లో కలిపి ప్రాసిక్యూషన్ తొలగించగలిగిన నల్లజాతివాళ్లు 42 మంది ఉంటే, 41 మందిని తొలగించారు. మొదటి మూడు విచారణల్లో పడిన మరణశిక్షలను రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. నాలుగో దాంట్లో అయిదుగురు నల్లజాతివాళ్లు జ్యూరీలోకి రాగలిగారు, ఏకాభిప్రాయం కుదరలేదు. అయిదో దాంట్లో ముగ్గురు, అప్పుడూ కుదరలేదు. పైగా ఆ అయిదో విచారణలో నేరం రుజువు కాలేదని గట్టిగా నిలబడిన నల్లజాతి జ్యూరరు మీదే అబద్ధపు ప్రమాణం కేసు పెట్టారు. అది తర్వాత నిలవలేదనుకోండి. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు 7–2 తేడాతో ఆరో శిక్షను కొట్టేసింది. ఇద్దరు విభేదించారు. అందులో ఒకరు, అప్పటికి ఆ కోర్టులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్. మార్షల్ ఖాళీ చేసిన కుర్చీలోకి వచ్చినవాడే. ఇలాంటివి మనకూ కొత్త కాదు. 2020 సెప్టెంబరులో కేసు ఎత్తేసేనాటికి ఫ్లవర్స్ జీవితంలో దాదాపు 23 ఏళ్లు జైల్లో గడిచిపోయాయి.

అట్రాసిటీ కేసుల తీర్పులు చదవడం నా పరిశోధనలో భాగం. ఫ్లవర్స్ తీర్పు చదువుతుంటే నన్ను పట్టుకున్నది ప్రశ్నల సంఖ్య కన్నా ఆ ప్రశ్నల వెనకున్న నమ్మకం. పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న వాడకట్టు నుంచి వచ్చినవాడికి పోలీసు సాక్ష్యం మీద అనుమానం ఉంటే అది పక్షపాతం. ఎప్పుడూ పోలీసు తలుపు తట్టని ఇంటి నుంచి వచ్చినవాడి నమ్మకం మాత్రం నిష్పక్షపాతం. అనుభవం ఉన్నవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి, లేనివాడు అక్కర్లేదు.

ఇక్కడ ఆ ప్రశ్నలు జ్యూరర్లకు బదులు సాక్షులకు పడతాయి. కళ్లెదుట అన్నను నరికితే చూసిన దళితుడు కోర్టు భాషలో ‘ఆసక్తిగల సాక్షి’. అతని మాటను మరింత జాగ్రత్తగా తూచాలి. పొలాల్లోకి తరిమి చంపుతున్నప్పుడు ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో, ఎన్ని గంటలకు ఎటు పరుగెత్తాడో తేడా లేకుండా చెప్పాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఏళ్ల తరబడి పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. బిహార్‌లో బథానీ టోలా 2012లో, లక్ష్మణ్‌పూర్ బాథే 2013లో అలాగే ముగిశాయి. బాథేలో చనిపోయినవారు 58 మంది.

అలాగని జ్యూరీని తిరిగి తెమ్మని నేను అనను. 1955లో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపినవాళ్లను అదే మిసిసిపీలో 12 మంది తెల్ల మగవాళ్ల జ్యూరీ దాదాపు గంటలో వదిలేసింది. మన మండల కేంద్రంలో 12 మందిని కూర్చోబెడితే వాళ్లెవరి పొలం కౌలు చేస్తుంటారో, ఎవరి దగ్గర అప్పు తెచ్చుకుని ఉంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యూరీని వదిలేసినందుకు దళితులు ఏడవాల్సిన పనిలేదు.

కానీ జ్యూరీ పోవడంతో ప్రశ్న కూడా పోయింది. తీర్పు చెప్పే మనిషిని ఎవరూ ఏమీ అడగని పద్ధతి మనది. తప్పుకోవాలా వద్దా అన్నది జడ్జి తనకు తానే తేల్చుకుంటాడు. భన్వరీ దేవి కేసులో 1995లో జైపూర్ కోర్టు, పై కులం మగవాళ్లు కింది కులం స్త్రీని ముట్టరన్న తర్కంతో నిందితులను వదిలేసింది. అప్పుడంటే పాతకాలం అనుకుందామా? 2022లో కోజికోడ్ సెషన్స్ కోర్టు ముందస్తు బెయిలు ఇస్తూ, ఆమె షెడ్యూల్డు కులస్థురాలని తెలిసీ నిందితుడు తాకాడంటే నమ్మశక్యంగా లేదన్న అర్థంలో రాసింది. హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. ఆ జడ్జి నోరు తెరిచి రాశారు కాబట్టి మనకు దొరికింది. రాయకుండా అదే నమ్మకంతో ‘అనుమానపు ప్రయోజనం’ ఇచ్చిన తీర్పులను ఎలా పట్టుకోవాలి?

ఫ్లవర్స్ బయటపడింది జడ్జీల మంచితనంతో కాదు. ఎవరిని ఎన్ని ప్రశ్నలడిగారో అక్షరం పొల్లుపోకుండా రికార్డయింది, దాన్ని ఒకరు కూర్చుని లెక్కపెట్టారు. ఆ తర్వాతే కొన్ని రాష్ట్రాలు దారికొచ్చాయి. అరిజోనా 2022 జనవరి నుంచి, మార్షల్ కోరినట్టే, కారణం లేని తొలగింపులను పూర్తిగా రద్దు చేసింది. మన దగ్గర ఉన్న లెక్క ఇలాంటిది: 2018 నుంచి 2023 జూలై వరకు నియమించిన 604 మంది హైకోర్టు జడ్జీల్లో 458 మంది జనరల్, 18 మంది ఎస్సీ, 9 మంది ఎస్టీ. ఇది కూడా పార్లమెంటులో అడిగితేనే కేంద్ర న్యాయశాఖ చెప్పింది. అట్రాసిటీ కేసులు విచారించే ప్రత్యేక కోర్టుల్లో జడ్జీలు, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్లు ఏ సామాజిక వర్గాల వాళ్లో, కేసు బదిలీ చేయమని బాధితులు ఎన్నిసార్లు అడిగారో, ఎన్నిసార్లు కుదరదన్నారో జిల్లాలవారీగా ఇవ్వమని అడగాలి. లోక్‌సభలో ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాలు 131. ఆ 131 మందిలో ఎవరైనా ఒకరు వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్నను రాతపూర్వకంగా వేయొచ్చు.