పొయ్యి ఆరకముందే

మన నల్లగొండ జిల్లా దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. అందులో పని దొరికితే చాలునని మన పిల్లల ఆశ. మంచిదే. కాని పాల్వంచను మరువరాదు. అక్కడి పాత యూనిట్లు మూతబడ్డాక, 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి పడగొట్టారు.

2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన దేశం 2021లో మాట ఇచ్చింది. వానలు తప్పితే మొదట ఎండేది మన మెట్టచేలే గనుక ఈ మార్పు వద్దనలేము. అయితే నేడు ఇరవై ఏళ్ల కుర్రవాని పనికాలమంతా ఈ మార్పులోనే గడుస్తుంది. పర్మినెంటు ఉద్యోగిని మరో కేంద్రానికి మార్చవచ్చు. కాంట్రాక్టు కార్మికుని సంగతేమిటి?

ప్రొద్దు గుంకకముందే కూలి ఇయ్యమన్న ధర్మశాస్త్రం, రేపటికి దాచుకోలేనివానిని తలంచింది. యూనియన్లు కూడ వానినే ముందు తలంచి, కొత్త పని, శిక్షణ ఇప్పుడే వ్రాతపూర్వకంగా అడగాలి. ఈ ఆదివారం మనం మన బిడ్డలను ఒక్క మాట అడుగుదాం: నీ పి.ఎఫ్. జమ అవుతున్నదా?