నేల ఎవరిదో వారిని గదిలోకి పిలవండి

మ్యూనిక్ భద్రతా సదస్సు నిర్వాహకులకు,

ఏటా ఫిబ్రవరిలో దేశాధినేతలు, విదేశాంగ మంత్రులు, సేనాధిపతులు బాయరిషర్ హోఫ్ హోటల్‌లో మీ అతిథులుగా కలుస్తారు. వేదిక మీద వారు చెప్పేది లోకమంతా వింటుంది. గదుల్లో తలుపులు వేసుకుని మాట్లాడుకునేది బయటికి రాదు. ఈ లేఖ ఆ గదుల గురించి.

మీ హోటల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఇప్పుడు సంగీత విద్యాలయం నడుస్తున్న భవనంలో, 1938 సెప్టెంబర్ 29న జర్మనీ నుంచి హిట్లర్, ఇటలీ నుంచి ముస్సోలినీ, బ్రిటన్ నుంచి చాంబర్లేన్, ఫ్రాన్స్ నుంచి దలాదియే కూర్చున్నారు. చెకోస్లొవేకియా సరిహద్దున ఉన్న సుడేటన్‌లాండ్‌ను జర్మనీకి అప్పగించాలని తేల్చేశారు. ఆ దేశాన్ని కాపాడే సరిహద్దు కోటల్లో చాలా భాగం ఆ నేల మీదే ఉన్నాయి. చెక్ ప్రతినిధులిద్దరు అదే ఊళ్లో ఉన్నా చర్చలోకి రానివ్వలేదు. హోటల్లో కూర్చోబెట్టి, అర్ధరాత్రి దాటాక పిలిపించి నిర్ణయం వినిపించారు. అప్పగింత అక్టోబర్ 1నే మొదలు కావాలట! ఫ్రాన్స్‌తో చెకోస్లొవేకియాకు అప్పటికే రక్షణ ఒప్పందం ఉంది. శత్రువు చేతిలో ఓడిన దేశాలు చరిత్రలో ఎన్నో ఉన్నాయి. మిత్రుడే లోపల కూర్చుని సంతకం పెడుతుంటే బయట ఎదురుచూసినవారి అవమానం తలచుకుంటే ఇప్పటికీ మనసు రగిలిపోతుంది.

చాంబర్లేన్‌ను పిరికివాడని తీసిపారేయలేను. మొదటి ప్రపంచ యుద్ధాన్ని చూసిన తరం అది. మరో యుద్ధం వద్దనుకోవడంలో తప్పేముంది? అయితే ఆ శాంతికి వెల వేరేవారితో కట్టించారు. అదీ నిలవలేదు. 1939 మార్చి 15న జర్మన్ సేనలు ప్రాగ్‌లో దిగాయి, సెప్టెంబర్ 1న పోలండ్ మీద పడ్డాయి.

ఆ సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మా నాయకులెవరినీ సంప్రదించకుండా భారతదేశాన్నీ యుద్ధంలోకి దించాడు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు మంత్రివర్గమూ అందులో ఒకటి. పిలవని చోట తలరాత రాయించుకోవడం మాకూ తెలిసిన బాధే.

మీ సంస్థ పుట్టుకలోనే ఈ చరిత్ర ఉంది. 1963లో దీన్ని ప్రారంభించిన ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్ హిట్లర్ మీద కుట్రలో పాలుపంచుకున్నవారు. వారి తండ్రి 1938 ఆగస్టులో లండన్ వెళ్లి, హిట్లర్‌కు లొంగవద్దని బతిమాలారు. ఆయన మాట చెల్లలేదు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఆయన ప్రాణం తీశారు.

2022 ఫిబ్రవరి 19న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీకి మీ వేదిక ఇచ్చారు. ఐదు రోజులకే రష్యా దాడి మొదలైంది. యుద్ధం ఆగకపోయినా, ఉక్రెయిన్ మాట ఉక్రెయిన్ నోటి నుంచే వచ్చింది. దానికి మీకు కృతజ్ఞతలు.

ఒప్పందాలు కుదిర్చే సంస్థ మీది కాదు, నిజమే. కానీ ఆహ్వానాలు పంపేది మీరు, గదులు కేటాయించేది మీరు. ఏ దేశపు నేల గురించి చర్చ పెట్టినా ఆ దేశ ప్రతినిధి లేకుండా దాన్ని మీ కార్యక్రమంలో చేర్చకండి. పెద్ద దేశాలు రెండు విడిగా గది అడిగితే, మూడో దేశం సరిహద్దుల గురించి మాట్లాడతారా అని ముందే అడగండి. అవునంటే ఆ మూడో దేశాన్నీ పిలవండి. దానికి ఆ పెద్ద దేశాలు ఒప్పుకోకపోతే గది ఇవ్వకండి.

నమస్కారాలతో,
ఒక తెలుగు రచయిత