వారిని సోమరులనకుడు



స్కిజోఫ్రేనియాతో బాధపడు కుమారుడో సోదరియో ఇంటనుండగా, ఔషధముల వలన చెవిలో వినవచ్చు కంఠస్వరములు అణగి భయములు తగ్గిన పిమ్మటగూడ, నాలుగు సరుకులు తెమ్మన్న రెండు మరచి వచ్చుటయు, మొదలిడిన పని నడుమ నిలిచిపోవుటయు చూచి, ‘ఒళ్లు వంగదు’ అని విసుగుకొనుచున్న తల్లిదండ్రులకును బంధువులకును నేను చేయు విన్నపము ఒక్కటియే: ఆ మాట ఇకమీదట అనకుడు.

1986లో అమెరికాలో మనోవైద్య పరిశోధకుడైన డేనియల్ వైన్‌బర్గరును ఆయన సహచరులును ఈ రోగులచేత ఒక కార్డుల పరీక్ష చేయించి, ఆ వేళ మెదడునందలి రక్తప్రసారమును కొలిచిరి. కార్డులను రంగునుబట్టి కూర్చవలెనా, ఆకారమునుబట్టియా, సంఖ్యనుబట్టియా అన్నది ఎవరును చెప్పరు. తప్పో ఒప్పో మాత్రమే చెప్పుదురు. కొంతసేపటికి ఆ నియమము చెప్పకయే మారును. ఆరోగ్యవంతులలో ఫాలము వెనుకనుండు భాగమునకు రక్తప్రసారము హెచ్చగా, రోగులలో అట్లు హెచ్చలేదు. దానినిబట్టి ఆ భాగము పని చేయదనుకొనిన పొరపాటే. పిమ్మట ఎమ్మారై యంత్రముతో జ్ఞాపకశక్తి పరీక్షలు చేసిన పెక్కుమంది, భారము స్వల్పముగా నున్నప్పుడు రోగుల మెదడు ఇతరులకంటె ఎక్కువగా శ్రమించుటయు, భారము పెరిగినకొలది ముందుగనే సడలుటయు గమనించిరి. పనియందు నిమగ్నమైన వేళ సద్దుమణగవలసిన మెదడులోని అంతర్ముఖ వ్యాపారము వీరిలో తగినంతగా అణగదనియు కొందరు కనుగొనిరి. ఫలితములన్నియు ఒక్కతీరుగ లేవు. ఇవి సమూహముల సగటులే గాని, ఒక్కరి మెదడు చిత్రమును చూచి ఈ వ్యాధిని నిర్ధారించు పరీక్ష నేటికిని లేదు. అయినను మనము సోమరితనమని నిందించు మందత వెనుక ఎంత పెనుగులాట దాగియుండునో తలచుకొనిన నాకు మనసు కలతపడును.

కావున వారికి ఒక వేళ ఒక పనియే చెప్పుడు. చెప్పునప్పుడు టీవీ కట్టివేయుడు. వైద్యుని అడుగక మందు మాన్పింపకుడు. ఎవరిని సంప్రదింపవలెనో తెలియనివారు ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగ ఫోను చేయవచ్చును. ఆ కార్డుల పరీక్షలో నియమము చెప్పుట నిషిద్ధము. మీ ఇంట అట్టి నిషేధమేదియు లేదు. తప్పినచోట కోపింపక మరల చెప్పుడు, చెప్పినది నిలువకున్న ప్రక్కన నిలిచి ఇంకొకమారు చెప్పుడు, ఆ నాలుగు సరుకుల పేరులను కాగితముమీద వ్రాసి చేతికిండు.