నిల్వ ట్యాంకులు, యంత్ర పరికరాల పటిష్ఠత: తాడిపత్రి నుంచి తుంగభద్ర వరకు

అనంతపురం: సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే గల ఈ ప్రాంతంలో వేరుశనగ పంట దెబ్బతిన్న ప్రతి సంవత్సరం గ్రామీణ యువత ఉపాధికై పరిశ్రమల వైపు చూడడం పరిపాటి. తాడిపత్రి పరిసరాలలోని ఉక్కు, సిమెంటు కర్మాగారాలు అనేక మెట్ట కుటుంబాలకు ఆసరాగా నిలిచాయి. కావున అక్కడి ట్యాంకులు, గ్యాసు గొట్టాలు, వాల్వుల పటిష్ఠత యాజమాన్యాల ఆంతరంగిక వ్యవహారం కాజాలదు.

2018 జూలై 12న తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ వెలువడి ఆరుగురు మరణించిన సంగతి పాత్రికేయులకు విదితమే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. స్పృహ తప్పిన తోటివారిని కాపాడబోయినవారు సైతం బలికావడం ఇటువంటి ప్రమాదాలలో తరచు జరిగేదే. వాల్వు మూసినంత మాత్రాన గ్యాసు ఆగినట్లు భావించరాదు. లోపలి భాగం అరిగి ఉండవచ్చును. గొట్టాన్ని ఉక్కు పలకతో పూర్తిగా అడ్డగించి, గాలిని మీటరుతో పరీక్షించిన పిమ్మటనే మనుషులను లోనికి అనుమతించవలెను.

విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున జరిగిన ఎల్.జి. పాలిమర్స్ దుర్ఘటన మరింత లోతైన పరిశీలనకు అర్హమైనది. 12 మంది మరణానికి కారణమైన ఈ ఘటనపై శ్రీ నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పాటైన ఉన్నతస్థాయి కమిటీ అదే సంవత్సరం జూలై 6న నివేదిక సమర్పించింది. లాక్‌డౌన్ కారణంగా కదలిక లేక నిలిచిపోయిన ఎం6 ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కింది. ఉష్ణోగ్రతను కొలిచే సాధనం ట్యాంకు అడుగుభాగంలో ఉండగా, వేడి పైపొరల్లో పెరిగింది. శీతలీకరణ యంత్రాన్ని రాత్రివేళ ఆపివేసేవారు. చర్యను నిరోధించే రసాయనం తగినంత నిల్వ లేదు. 2019 డిసెంబరులో గొట్టాల అమరికలో చేసిన మార్పు వలన ద్రవం సక్రమంగా తిరగలేదు.

గమనించవలసినదేమనగా, ఆ ట్యాంకు బ్రద్దలు కాలేదు. ఆవిరి పైభాగపు మార్గాల గుండానే వెలుపలికి వచ్చినది. పలక మందం కొలిచి ధ్రువపత్రం ఇచ్చే తనిఖీకి ఇటువంటి లోపం చిక్కదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండలో ద్రవ రసాయనాలు నిల్వచేసేవారు ఈ అంశాన్ని ప్రత్యేకించి గుర్తించవలసి ఉన్నది.

పరిశ్రమల పరిధి కాకున్నను, ఇక్కడి రైతులకు మరువరాని ఉదంతం మరొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయపు 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయినది. ఎగువ కాలువ ద్వారా ఈ జిల్లాకు నీరందించే జలాశయమది, 1953లో పూర్తయినది. నిపుణులు శ్రీ కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో వారం రోజులలోపే తాత్కాలిక స్టాప్‌లాగ్‌లు అమర్చి ప్రవాహాన్ని నిలిపినారు. ఆలోపు దిగువకు పోయిన నీటి విలువ ఎండిన చేనుగట్టున నిలబడినవారికే తెలుస్తుంది.

పీడనంతో వాయువులను నిల్వచేసే పాత్రలకు 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిర్ణీత కాలవ్యవధిలో జలపీడన పరీక్ష తప్పనిసరి. సాధారణ వాతావరణ పీడనంలో ద్రవాలను ఉంచే ట్యాంకులకు ఆ నిబంధనలు వర్తించవు. విశాఖ ట్యాంకు ఈ రెండవ కోవకు చెందినదే. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమావళి మాత్రం, నిర్దేశిత పరిమాణం మించి నిల్వచేసే సంస్థలు ప్రాంగణంలోని అత్యవసర ప్రణాళికను, జిల్లా అధికార యంత్రాంగం ప్రాంగణం వెలుపలి ప్రణాళికను సిద్ధపరచాలని నిర్దేశిస్తున్నది.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. ఈ వ్యాసకర్త ఇంజనీరు కాడు, ఆర్ట్స్ పట్టభద్రుడు. అయినను అడగదగిన ప్రశ్నలు కొన్ని ఎవరికైనను బోధపడునవే. ట్యాంకు లోపలి భాగాన్ని చివరిసారి ఏ తేదీన పరీక్షించారు? గత కొలతకు, నేటి కొలతకు మధ్య పలక ఎంత తరిగినది? గొట్టాల అమరిక మార్చినపుడు లిఖితపూర్వక ఆమోదం ఎవరిది? మరమ్మతు పనికి వచ్చిన కాంట్రాక్టు కార్మికునికి గ్యాసు మీటరు ఇచ్చారా? ప్రమాదం జరిగిన మరునాడు వీటన్నిటికీ జవాబులు లభిస్తాయి. తనిఖీ అధికారులు, విలేకరులు వాటిని ముందుగానే అడగవచ్చును.