కాలువ కూలి - కుల ధ్రువీకరణ పత్రము

కోటనుండి తూర్పుగా సముద్రతీరమునకు పోవువారికి అలల చప్పుడు వినవచ్చుటకు ముందే బకింగ్‌హాము కాలువ అడ్డము వచ్చును. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యము మోసిన పడవలు నడచిన ఆ కాలువ నేడు పెక్కుచోట్ల పూడిపోయి, సర్కారుతుమ్మల నడుమ నిలువనీరుగా మిగిలినది. 2004 డిసెంబరు 26నాటి సునామీ వేళ పొంగివచ్చిన కడలినీటిని కొంత తనలో నింపుకొని వెనుకనున్న ఊళ్లను కాచినదన్న కీర్తి మాత్రము దానికి దక్కినది. ఆ కాలువగట్టుకు మరియొక చరిత్రయు కలదు. అన్నము పెట్టినవాడు తినినవాని విశ్వాసముపై హక్కు అడుగవచ్చునా యను ప్రశ్న దాదాపు 150 సంవత్సరముల క్రిందట ఆ గట్టుమీదనే తలయెత్తినది. అదే ప్రశ్న నేడు వేషము మార్చుకొని న్యాయస్థానములలోను, మండల కార్యాలయములలోను తిరుగుచున్నది.

1876లో వానలు తప్పగా మొదలైన ధాత కరువు రెండేండ్లు మద్రాసు రాజధానిని పీడించినది. ప్రభుత్వము తెరచిన కరువు పనులలో ఈ కాలువ త్రవ్వకము ఒకటి. దానికి పేరిచ్చిన బకింగ్‌హాము ప్రభువే ఆనాటి గవర్నరు. వ్యయము తగ్గించుటకై కేంద్ర ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్ 1877లో కరువు కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకు, కొద్దిపాటి చిల్లరకు దించెను. మన్ను మోయువానికి ఎన్ని ఔన్సులు పోసిన ప్రాణము నిలుచునో చూచుటయే ఆ లెక్క. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా ఎదిరింపగా ఆ కొలత కొంత పెరిగినది. ప్రాణమునకైనను ఒక కొలత దొరకినది గాని, మనుష్యుని మర్యాద ఆ త్రాసులో ఎన్నడును తూగలేదు.

అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు అట్లే యుండెను. అచ్చట అమెరికను బాప్టిస్టు మిషనరి జాన్ ఎవరెట్ క్లౌ 1866నుండి పనిచేయుచుండెను. ఆదిలో పెద్దకులములవారు ఆయనతో సఖ్యముగనే యుండిరి. తమ బిడ్డలను ఆయన బడికి పంపిరి. మాదిగలు వచ్చి సంఘమున చేరగా, వారో మేమో తేల్చుకొనుడనిరి. ఆ దినమున క్లౌ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు విప్పగా ఇరువురి చూపును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయముమీదనే పడినదని ఆ సంఘమున నేటికిని చెప్పుకొందురు. లోకము నీచులని త్రోసివేసినవారిని దేవుడు ఏరుకొనుటనుగూర్చిన భాగమది. బడిలో పెద్దకులముల పిల్లల స్థానములు ఖాళీయైనవి. దొర వెనుదీయలేదు.

క్లౌ మతబోధకు దిగకముందు అమెరికాలో భూమి సర్వేపని నేర్చినవాడు. కరువులో ఆ విద్య అక్కరకు వచ్చినది. ఇతర కంట్రాక్టర్ల క్రింద మాదిగలకు పని నిలుచుట కష్టమగుట చూచి, కాలువలో మూడున్నర మైళ్ల కంట్రాక్టును తానే పుచ్చుకొనెను. జనము వేలకొలదిగా గట్టువెంట గుడిసెలు వేసికొని త్రవ్విరి. సంఘ బోధకులే మేస్త్రీలైరి. చేయి చాపి గంజి పోయించుకొనుటకును, పార పట్టి కూలి పుచ్చుకొనుటకును ఎంత దూరమో ఆకలి నెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. తమ కులమువాడే మేస్త్రీయై పేరు పెట్టి పిలుచుట ఆ జనమునకు మరింత క్రొత్త.

ఆ కాలముననే క్లౌ మరియొక పని చేసెను. చేసెననుటకంటె చేయక మానెననుట సరి. కరువు ధనము తన చేతిమీదుగా నడచినన్నాళ్లు, సుమారు 15 మాసములు, ఎవ్వరికిని బాప్తిస్మము ఈయలేదు. అడిగినవారు లేక కాదు. కూటికై వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో తెలియునదెట్లు? 1878లో మరల తలుపు తెరచినపుడు జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇది కరువు మతమేనని ఆక్షేపించినవారు కలరు. 15 మాసముల గడువు ఆకలి జ్ఞాపకమును తుడిచివేయదన్నది నిజమే. అయినను, లెక్కలు చూపిన మెప్పు వచ్చు కాలమున రిజిస్టరు మూసి కూర్చుండుట సామాన్యమైన నిగ్రహము కాదు.

అదే మిషను చరిత్రలో దీనికి ఎదురు నిలుచు పుట యొకటి కలదు. నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వచ్చిన పిమ్మట, కావలిలో ఎరుకల కుటుంబములకై ఏర్పడిన సెటిల్‌మెంటును ఈ మిషనువారే నడపిరి. బడి యుండెను, పని యుండెను. ఊరు దాటుటకు మాత్రము చీటి కావలసియుండెను. పుట్టుకతో దొంగయని ముద్రవేసిన చట్టమును సేవ తన భుజముమీద మోసినది. సంకల్పము మంచిదైనంత మాత్రమున సేవలో మర్యాద దానంతట అది నిలువదనుటకు కావలియే సాక్ష్యము.

ఇక నేటి వ్యవహారము. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచిరి. క్రైస్తవులకు, ముస్లిములకు తెరువలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1977లో కొన్ని రాయితీలను మతము మారినవారికి విస్తరించినది. వెనుకబడిన తరగతుల జాబితాలో ‘సి’ వర్గమున నూటికి ఒక వంతు రిజర్వేషను వారికి కలదు. 2007లో రంగనాథ మిశ్రా కమిషను మతమునకును ఈ హోదాకును ముడి విప్పుమన్నది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను ఏర్పడినది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ అనుకూలముగా తీర్మానించినది. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, పాస్టరుగా నున్న ఒక వ్యక్తి తన్ను కులము పేరుతో దూషించిరని పెట్టిన కేసును కొట్టివేయుచు, క్రైస్తవమును అవలంబించువానికి అత్యాచార నిరోధక చట్టము వర్తింపదన్నది.

క్లౌ అన్నమునకును విశ్వాసమునకును నడుమ గోడ కట్టెను. ఈ ఉత్తర్వు ఆ గోడను తీసివేసి, రెండింటిని ముడివేసినది. నమ్మిన ఫీజు రాయితీ ఇచ్చుట ఎంత తప్పో, నమ్మిన రక్షణ తీసివేయుట అంత తప్పు. దెబ్బ రెండుచోట్లను మనస్సాక్షిమీదనే పడును. కోట ప్రాంతమున యానాది క్రీస్తును నమ్మినను షెడ్యూల్డు తెగవాడే. ప్రక్కపేటలోని మాల గాని మాదిగ గాని నమ్మినచో ఆ హోదా పోవును. ఒకే వానకు తడిసి, ఒకే చేలో నాటు వేయువారికి రెండు న్యాయములు.

చట్టము పక్షమున మాట లేకపోలేదు. మామతమున కులము లేదని బోధించువారు కులము పేర హక్కు కోరుట యెట్లని అడుగుదురు. ఉన్న కొద్ది సీట్లలో మరియొకరు వాటాకు వత్తురేమోనని తక్కిన దళితులకును భయము కలదు; అది త్రోసివేయదగిన భయము కాదు. మొదటి ప్రశ్నకు జవాబు సంఘములలోనే యున్నది. కులము చూచి పెండ్లి చేయు క్రైస్తవులు కలరు. కులము వెంబడి చీలిన శ్మశానములు కలవు. దూషించువాడు బాప్తిస్మపు చీటి అడిగి దూషింపడు.

ఫలితము ఊరూర కనబడుచున్నది. బడి రిజిస్టరులో ఒక పేరు, ప్రార్థన మందిరమున మరియొక పేరు. పదునేడేండ్ల పిల్ల దరఖాస్తులో మతము గడివద్ద ఆగి తండ్రి ముఖము చూచును. జాషువ 1941లో ‘గబ్బిలము’ వ్రాసి, అంటరానివాని మొర కాశీ విశ్వనాథునికి పంపెను. ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమందెను. ఆయన నేడు దరఖాస్తు పెట్టినచో ఏ గడి నింపవలెనో మండల కార్యాలయమువారే చెప్పవలెను.

1950నాటి ఉత్తర్వును సవరించు అధికారము శాసనసభది కాదు, కమిషనుది కాదు, పార్లమెంటుది.