అమ్ముడుపోని కంపెనీ

ఈ సంచిక ముఖచిత్ర కథనం బీఎండబ్ల్యూ మీద. ముందుగా 1959 డిసెంబరు 9 నాటి వాటాదారుల సమావేశం గురించి చదవండి. పెద్ద కార్లు అమ్ముడుపోక, చిన్న ఇసెట్టా కార్ల మీద లాభం మిగలక కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. డైమ్లర్-బెంజ్‌కు అప్పగించేయాలన్న ప్రతిపాదన మ్యూనిక్‌లో చర్చకొచ్చింది. చిన్న వాటాదారులు, డీలర్లు అడ్డం తిరిగారు. 700 మోడల్ రూపకల్పన ఖర్చంతా ఒకే ఏడాది పద్దులో రాశారని పట్టుకుని, పది శాతం ఓట్లతో సమావేశాన్నే వాయిదా వేయించారు. ఆ కంపెనీ చరిత్రలో ఇంతకు మించిన రోజు లేదని నా నమ్మకం. తర్వాత పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ పెట్టుబడి పెట్టాడు. 1962లో బీఎండబ్ల్యూ 1500 రోడ్డెక్కింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇదే కంపెనీ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీల్లో ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించింది. దయచేసి ఆ పేజీలనూ వదలకండి.